పాట నడకను రంగుల్లో పట్టుకోవడం ఎలా

సంగీతం వింటూ బొమ్మ వేయాలని చాలామందికి ఉంటుంది. నచ్చిన పాట పెట్టుకుని, బ్రష్ చేతికి తీసుకుని కూర్చుంటారు, గంట తర్వాత చూస్తే కాన్వాస్ మీద ఒక వీణ, ఒక నెమలి, వెనకాల కాస్త నీలం. నేనూ అక్కడే మొదలుపెట్టాను. నా మొదటి బొమ్మ హంసధ్వని రాగం విని వేసింది. అందులో తెల్లటి హంస ఉంది, కింద చెరువు ఉంది, చెరువులో తామరలు కూడా ఉన్నాయి. బాగుందని ఇంట్లో అందరూ అన్నారు, గోడకు తగిలించాం. కొన్నాళ్లకు ఆ బొమ్మ ముందు నిలబడి అదే రాగం మళ్లీ వింటే నాకు మనసు కలుక్కుమంది, ఎందుకంటే పాట మెట్లు మెట్లుగా పైకెక్కిపోతోంది, బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది. నేను రాగం పేరును వేశాను, రాగాన్ని వేయలేదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న దారి ఒక్కటే. పాట ఏం చెప్తోందో అది వదిలేసి, పాట ఎలా నడుస్తోందో అది వేయడం. నడక అనేది మన సంగీతంలో ఉన్న మాటే, దెబ్బకు నాలుగు మాత్రలుంటే చతురశ్ర నడక, మూడుంటే తిశ్ర నడక అంటాం కదా. పాట ఎక్కడ నిదానిస్తుంది, ఎక్కడ పరిగెడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, ఎక్కడ బరువు మోపుతుంది, ఇవన్నీ కాగితం మీదకు తేవచ్చు. దానికి మీకు సంగీతం వచ్చి ఉండాల్సిన పనిలేదు. శబ్దం వింటే రంగులు కనపడేవాళ్లు కొందరు నిజంగానే ఉంటారు, మీరు వాళ్లలో ఒకరు కాకపోయినా ఏమీ ఫర్వాలేదు. వినే ఓపిక ఉంటే చాలు. నేను కడపలో ఉంటాను, ఇక్కడ దొరికే వాటితోనే, ఇక్కడి ఎండలోనే వేస్తాను కాబట్టి కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

ముందు పాటను ఎంచుకోండి

మొదటిసారి మాటలున్న పాట వద్దు. మాటలుంటే మనసు అర్థం వెంట పోతుంది, సినిమా పాటైతే హీరో ముఖం అడ్డొస్తుంది. వీణో, వేణువో, నాదస్వరమో, డప్పో, ఒకటి రెండు వాద్యాలకు మించకుండా, ఎనిమిది నిమిషాల లోపు ఉన్నది తీసుకోండి. అంతకంటే పెద్దదైతే మొదటి బొమ్మకు మోయలేరు.

మాటల్ని ఎందుకు పక్కన పెట్టమంటున్నానో ఒక ఉదాహరణ చెప్తాను. తాళ్లపాక మనకు దగ్గరే. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి, ఆ రేకుల్లో కీర్తనకు రాగం పేరు ఉంటుంది కానీ స్వరాలు ఉండవు. మన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటిలో కొన్నింటికి కొత్తగా వరుసలు కట్టారు, ఆ తర్వాత ఇంకెందరో కట్టారు. అందుకే ఒకే కీర్తన ఇద్దరి గొంతులో రెండు వేరు వేరు వరుసల్లో వినిపిస్తూ ఉంటుంది. అలాంటివి రెండు వెతికి పక్కపక్కన పెట్టి వినండి. మాట అదే, కానీ ఒకటి ఊయల ఊగినట్టుంటుంది, ఇంకొకటి చెరువు గట్టు మీద ఎవరో పనిమీద పోతున్నట్టుంటుంది. మాటల్ని బట్టి వేస్తే రెండింటికీ ఒకే బొమ్మ వస్తుంది, నడకను బట్టి వేస్తే రెండు బొమ్మలొస్తాయి.

మన సీమలో ఉన్నవాళ్లకు ఇంకో వసతి ఉంది. కర్నూలు వైపు గొరవయ్యలు ఒక చేత్తో డమరుకం, ఇంకో చేత్తో పిల్లనగ్రోవి పట్టుకుని ఆడతారు, అంటే ఒకే మనిషి దగ్గర ఒక గీత, ఒక చుక్కల వరుస రెండూ ఉన్నాయన్నమాట, మొదటి బొమ్మకు అంతకంటే మంచిది దొరకదు. అనంతపురం వైపు ఉరుములనే వాద్యాల శబ్దం వింటే మీకు గీత గుర్తుకురాదు, మసకగా పాకే పెద్ద మరక గుర్తుకొస్తుంది. కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ వింటే గొంతు కంటే ముందు చప్పట్లు వినండి. ఇక చెక్కభజన చాలా ఊళ్లలో ఉంది. అడిగి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఫోన్‌ని జేబులో పెట్టుకోకుండా గుడి గోడ మీదో, స్టూలు మీదో పెట్టండి, జేబులో ఉంటే ప్రతి కదలికా రికార్డులో పడుతుంది.

బ్రష్ ముట్టుకోకముందు మూడుసార్లు వినాలి

ఈ పని ఎగ్గొట్టాలని అందరికీ అనిపిస్తుంది, దయచేసి ఎగ్గొట్టొద్దు. బొమ్మలో సగం ఇక్కడే తయారవుతుంది.

మొదటిసారి కళ్లు మూసుకుని ఊరికే వినండి. అయిపోయాక మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. పాటలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఎక్కడ వచ్చింది, మొదట్లోనా, నడుమనా, చివర్లోనా? పూర్తిగా ఆగిన చోటు ఉందా? పాట మొదలైన చోటికే తిరిగొచ్చిందా, ఇంకెక్కడో వదిలేసిందా? ఇంతే.

రెండోసారి నిలబడి, తాళం వేస్తూ, వీలైతే గదిలో నడుస్తూ వినండి. ఈ సంగతి నాకు మా ఊరి రాములవారి గుడి దగ్గర చెక్కభజన నేర్పే పెద్దాయన వల్ల తెలిసింది. నేను స్కెచ్‌బుక్ ఒళ్లో పెట్టుకుని ఆడేవాళ్ల ముఖాలు, చేతుల్లో చెక్కలు, నడుముకు కట్టిన గుడ్డలు గీస్తూ కూర్చున్నాను. ఆయన పాట ఆపి నా దగ్గరకొచ్చాడు.

"ఏందప్పా, ముఖాలు గీసుకుంటా కూచుంటే తాళం యాడ దొరుకుతాది? కాళ్లు సూడు."

"కాళ్లన్నీ ఒకే మాదిరి పడతాండాయి కదా మామా."

"ఒకే మాదిరి పడవు. ఒక అడుగు ఆనుతాది, ఒక అడుగు తాకుతాది. ఆనేదేదో తాకేదేదో తెలిసిందంటే నీకు సగం వచ్చినట్టే."

ఆ తర్వాత గంటసేపు నేను పాదాలు తప్ప ఇంకేమీ చూడలేదు. గజ్జెలు కట్టిన మడమ నేలకు ఆనినప్పుడు దుమ్ము లేస్తుంది, వేళ్లు మాత్రం తాకినప్పుడు లేవదు. గజ్జెల చప్పుడు కూడా వేరుగా ఉంది, ఆనిన అడుగుకు అన్ని గజ్జెలూ ఒక్కసారి మోగి టక్కున ఆగిపోతాయి, తాకిన అడుగుకు రెండు మూడు మాత్రం గలగలమంటాయి. అప్పటి నుంచి నేను ఏ పాట విన్నా ముందు వెతికేది అదే, ఎక్కడ ఆనింది, ఎక్కడ తాకింది. వీణలో కూడా ఉంటుంది, వేణువులో కూడా ఉంటుంది. మీరూ గదిలో నడుస్తూ వింటే మీ కాలు దానంతటదే చెప్తుంది.

మూడోసారి పెన్సిల్ తీసుకోండి. దీనికి పొడవైన కాగితం పట్టీ కావాలి. పాత క్యాలెండర్ పేజీలను నిలువుగా కోసి, వెనక వైపు పైకి వచ్చేలా అంటించుకుంటే సరిపోతుంది, ఆరంగుళాల వెడల్పు ఉంటే చాలు. నిమిషానికి నాలుగు అంగుళాల లెక్కన పట్టీ కింద గుర్తులు పెట్టండి, అంటే ఏడు నిమిషాల పాటకు 28 అంగుళాలు. ఫోన్‌లో టైము కనపడేలా పెట్టుకుని పాట మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి, పాటతో పాటు పెన్సిల్‌ను కదపండి. స్వరం పైకి పోతే గీత పైకి, కిందికి వస్తే కిందికి. గట్టిగా ఉంటే ఒత్తి గీయండి, మెల్లగా ఉంటే వదులుగా. గమకం, అంటే స్వరం ఊగడం, వచ్చినచోట చెయ్యి వణకనివ్వండి. పాట ఆగితే పెన్సిల్ లేపేయండి, ఆ ఖాళీని ఎట్టి పరిస్థితిలోనూ పూడ్చొద్దు. తాళం దెబ్బలకు పట్టీ అడుగున అడ్డగీతలు, ఆనిన దెబ్బకు పొడవుది, తాకినదానికి పొట్టిది.

తప్పులొస్తాయి, చెయ్యి వెనకబడుతుంది. చెరిపేయకుండా మళ్లీ ఇంకో పట్టీ మీద గీయండి. మూడు పట్టీలు గీసి పక్కపక్కన పెడితే మూడింటిలోనూ ఒకేలా వచ్చిన చోట్లు కొన్ని కనపడతాయి, పాట ఎముకలు అవే, మిగతావి మీ చేతి తొందర.

నా చెక్కభజన పట్టీ ఎలా ఉందో చెప్తాను. మొదటి రెండు నిమిషాలు గీత దాదాపు బల్లపరుపుగా ఉంది, గురువు ఒక్కడే పాడుతున్నాడు, అడుగున దెబ్బలు ఎడంగా పడ్డాయి. మూడో నిమిషంలో అందరూ అందుకున్నారు, గీత ఒక్కసారిగా లావెక్కింది, ఎత్తు మాత్రం పెరగలేదు. ఇది నాకు ఆశ్చర్యం, వింటున్నప్పుడు పాట పైకి పోయిందనే అనుకున్నాను, పట్టీ మీద చూస్తే అది పైకి పోలేదు, మందమైంది, అంతే. ఐదో నిమిషం నుంచి దెబ్బలు దగ్గర దగ్గరగా వచ్చి, చివరి నిమిషంలో పెన్సిల్ గీతలు ఒకదానిమీద ఒకటి పడి నల్లటి దడిలా తయారయ్యాయి, ఆ తర్వాత ఒక్క అరుపు, ఖాళీ. ఈ పట్టీయే నా బొమ్మ. ఇక మిగిలింది దాన్ని కాన్వాస్‌కు మార్చడమే.

రంగులు ఎంచుకోవడం

స అంటే ఎరుపు, రి అంటే నారింజ అని పట్టికలు కనపడతాయి. వాటి జోలికి పోవద్దు. పాటలో స్వరం ఒక్కటే ఉండదు కదా, దాని ముందొచ్చిన స్వరంతో కలిసి వినపడుతుంది. మోహన రాగానికీ హంసధ్వనికీ తేడా ఒక్క స్వరమే, ఒకదానిలో ధైవతం (ద), ఒకదానిలో నిషాదం (ని), కానీ విన్నప్పుడు రెండు వేరే లోకాల్లా ఉంటాయి. పట్టిక ప్రకారం వేస్తే ఒక్క రంగు మాత్రమే మారుతుంది.

రాగమాల చిత్రాల సంగతేంటని అడగొచ్చు. రాజస్థాన్‌లో, దక్కన్‌లో రాగాలను మనుషుల్లా వేశారు, తోడి రాగమంటే వీణ పట్టుకున్న అమ్మాయి, చుట్టూ జింకలు. అవి నాకు ప్రాణం, గంటలు గంటలు చూస్తాను. అయితే ఆ తోడి హిందుస్తానీ తోడి, మన కర్ణాటక తోడి స్వరాలు వేరు, మన తోడి వాళ్ల భైరవి స్వరాలకు దగ్గర. పేరు చూసి జింకలు వేసేస్తే మళ్లీ నా హంస కథే అవుతుంది.

రష్యాలో పుట్టిన చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 జనవరి 2న మ్యూనిక్‌లో సంగీతకర్త షోన్‌బర్గ్ కచేరీ విని వచ్చి ఒక బొమ్మ వేశాడు. ముందు వేసుకున్న స్కెచ్‌లలో పియానో, జనం గుర్తుపట్టేలా ఉంటారు. చివరి బొమ్మకొచ్చేసరికి పియానో ఒక నల్లటి ముద్ద అయిపోయింది, దాని పక్కన పసుపు వరదలా పొంగింది. నెట్‌లో దొరుకుతుంది, స్కెచ్, బొమ్మ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. వస్తువు ఎక్కడ వదిలేశాడో, బరువు ఎక్కడ ఉంచేశాడో తెలుస్తుంది.

నా లెక్క చాలా సులువు. ఒక నేల రంగు, దాని మీద రెండు రంగులు, తెలుపు. అంతే. మూడు రంగులకు మించితే మొదటి ఐదారు బొమ్మల్లో బురద అవ్వడం ఖాయం. రంగులు తక్కువైతే ఏమవుతుందో చూడాలంటే లేపాక్షి వెళ్లి వీరభద్రస్వామి గుడి పైకప్పు చూడండి. 16వ శతాబ్దంలో, విజయనగర కాలంలో వేసినవి. జేగురు ఎరుపు, మట్టి పసుపు, నలుపు, తెలుపు, కొంచెం పచ్చ, వీటితోనే అంత కథా నడిపించారు. అక్కడి నాట్యమండపం స్తంభాల మీద బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడు ఉంటాడు, రంభ ఆడుతుంటుంది. పొద్దున్నే వెళితే జనం తక్కువ, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు.

నేల రంగే శ్రుతి

తంబూరా గుర్తు తెచ్చుకోండి. నాలుగే తీగలు, ఒకటి పంచమం (ప), రెండు షడ్జమాలు (స), ఒకటి కింది షడ్జమం. కచేరీ అంతా వెనకాల అది మోగుతూనే ఉంటుంది, ఎవరూ దాన్ని వినడానికి రారు, కానీ అది ఆగితే పాట గాల్లో వేలాడుతుంది. బొమ్మలో ఆ పని చేసేది నేల రంగు. కాన్వాస్ మొత్తం ముందు ఒకే రంగు పూసేయండి, తర్వాత ఎన్ని పొరలు వేసినా అది అక్కడక్కడా తొంగిచూస్తూ ఉండాలి. తెల్ల కాన్వాస్ మీద నేరుగా వేస్తే ప్రతి ఖాళీ కంట్లో గుచ్చుకుంటుంది, మీరు భయపడి పూడ్చేస్తారు. నేల రంగు ఉంటే ఖాళీ మౌనంలా ఉంటుంది.

మన దగ్గరి సంగీతానికి నేను జాజు వాడతాను. గడపలకు, అరుగులకు పూసే జాజే. అంగట్లో దొరికే పొడి అయినా సరే, పొలం గట్టున ఎర్రమన్నైనా సరే, అలాగే వాడితే ఇసుక బ్రష్‌ను తినేస్తుంది కాబట్టి దాన్ని కడగాలి. ఒక బకెట్ నీళ్లలో రెండు దోసిళ్లు మన్ను వేసి బాగా కలిపి, ఒక నిమిషం ఆగండి, ఇసుక అడుక్కు పోతుంది. పైన ఉన్న ఎర్ర నీళ్లను మెల్లగా ఇంకో బకెట్‌లోకి వంచి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకు నీళ్లు తేరి, అడుగున వెన్నలాంటి ముద్ద ఉంటుంది. నీళ్లు వంచేసి ఆ ముద్దను పళ్లెంలో ఆరబెట్టి, పొడి చేసి, పాత నూలుగుడ్డలో జల్లించుకోండి. రెండు చెంచాల పొడికి ఒక చెంచా ఫెవికాల్, పెరుగంత చిక్కగా అయ్యేదాకా నీళ్లు. ముందు అట్టముక్క మీద పూసి, పూర్తిగా ఆరాక వేలితో రుద్ది చూడండి. వేలికి ఎరుపు అంటితే జిగురు చాల్లేదు, ఇంకో అరచెంచా కలపండి. కాన్వాస్‌కు పలుచగా రెండు పూతలు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా.

అన్ని పాటలకూ జాజు కుదరదు. అర్ధరాత్రి వినే పాటకు కడప నాపబండ రంగు, ఆ నీలం కలిసిన నలుపు, బాగుంటుంది. కర్నూలు వైపు నల్లరేగడి తడిసినప్పటి రంగు కూడా ప్రయత్నించండి. వీటికి యాక్రిలిక్ నలుపులో కొంచెం నీలం, చిటికెడు తెలుపు కలిపితే దగ్గరగా వస్తుంది.

తాళాన్ని కాన్వాస్ మీద పరచడం

నేల రంగు ఆరాక కాన్వాస్‌ను తాళం లెక్కన భాగాలు చేయండి. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, 4, 2, 2గా విడిపోతాయి. వెడల్పు 24 అంగుళాలున్న కాన్వాస్‌లో ఒక్కో అక్షరానికి మూడంగుళాలు, అంటే 12, 6, 6 అంగుళాల భాగాలు వచ్చేలా సుద్దముక్కతో నిలువు గీతలు పడతాయి. మిశ్రచాపు తాళమైతే ఏడు, 3, 4గా, 21 అంగుళాల కాగితం తీసుకుంటే 9, 12. ఈ గీతలు బొమ్మలో కనపడవు, కానీ పెద్ద ఆకారాలు ఎక్కడ ఆగాలో, ఎక్కడ మొదలవ్వాలో ఇవే చెప్తాయి. మిశ్రచాపులో ఉండే ఆ కుంటినడక అందం, సమానంగా సగానికి కోసిన కాన్వాస్‌లో ఎప్పటికీ రాదు.

ఆలాపనకు తాళం ఉండదు కాబట్టి అక్కడ ఈ భాగాలు వద్దు, పట్టీ మీద ఎత్తైన చోటు ఎక్కడుందో కాన్వాస్ మీద అంతే దూరంలో ఒక చుక్క పెట్టుకుని వదిలేయండి.

వేసే రోజు

ఎండాకాలంలో మన దగ్గర యాక్రిలిక్‌తో పని చేయడం అంత తేలిక కాదు. మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే బ్రష్ ముంచి కాన్వాస్ దాకా తెచ్చేలోపు రంగు చిక్కబడిపోతుంది. నేను తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఆపేస్తాను. ఫ్యాన్ ఆపేస్తాను, చెమట పట్టినా సరే. స్టీలు పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, దాని మీద రంగులు పెట్టుకుంటే రెండు గంటలు తడిగా ఉంటాయి. మంగలి షాపులో వాడే లాంటి స్ప్రే బాటిల్ పక్కన పెట్టుకుని కాన్వాస్ మీద అప్పుడప్పుడూ కొట్టండి. వాటర్‌కలర్ వేసేవాళ్లు బోరు నీళ్లు వాడొద్దు, ఉప్పు ఎక్కువున్న నీళ్లైతే ఆరాక తెల్లగా చారలు మిగులుతాయి, క్యాన్ నీళ్లు తెచ్చుకోండి.

కాన్వాస్‌ను నేల మీద పడుకోబెట్టి, నిలబడి, వంగి వేయండి. కూర్చుని వేస్తే మణికట్టు మాత్రమే కదులుతుంది, పాటకు భుజం కదలాలి.

మొదటి విడతలో బరువులు. పాట పెట్టి, రెండంగుళాల వెడల్పు బ్రష్‌తో, గోడలకు వేసేది చాలు, పట్టీలో గీత లావుగా ఉన్నచోట్ల మాత్రమే రంగు వేయండి. ఆనిన అడుగులు ఇవే. బ్రష్‌ను ఒత్తిపెట్టి, లాగి, ఆపండి. మొత్తం కాన్వాస్‌లో మూడో వంతు దాటకూడదు. పాట అయిపోతే బ్రష్ కడిగేయండి, ఇంకొక్క దెబ్బ వేద్దామనిపించినా వద్దు.

పూర్తిగా ఆరాక రెండో విడత, గీత. పొడవు వెంట్రుకలున్న సన్న బ్రష్, నీళ్లు ఎక్కువ కలిపిన రంగు. పాటను మళ్లీ పెట్టి, పట్టీ వంక చూడకుండా, ఈ పాటికి మీ చెయ్యికి వచ్చేసి ఉంటుంది కాబట్టి చెవిని నమ్ముకుని ఒకే ఊపులో గీయండి. ఇక్కడే గమకాలు వస్తాయి. మోహనలో గాంధారం (గ) నుంచి పంచమానికి దూకేటప్పుడు నడుమ మధ్యమం (మ) లేదు కదా, అక్కడ గీతను కలపకుండా తెంచి పైన మళ్లీ మొదలుపెట్టండి, ఆ తెగిన చోట నేల రంగు కనపడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

మూడో విడత దెబ్బలు, చుక్కలు, తాకిన అడుగులు. దీనికి బ్రష్ అక్కర్లేదు, అట్టముక్క అంచు, ఈనెపుల్ల, పాత ప్లాస్టిక్ కార్డు ముక్క, ఏదైనా పనిచేస్తుంది. తెలుపు ఇక్కడి దాకా దాచుకోండి. చెక్కభజన బొమ్మలో చివరి నిమిషం కోసం నేను ఈనెపుల్లను తెల్లరంగులో ముంచి వరసకు నాలుగు చొప్పున కొట్టుకుంటూ పోయాను, కుడివైపు చివర వరసలు ఒకదానిమీద ఒకటి పడి దడి కట్టినట్టు అయ్యింది. ఆ దడి తర్వాత నాలుగంగుళాలు ఉత్త జాజు.

ఈ మూడు విడతలయ్యాక పాట ఆపేసి ఒక రోజంతా బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టండి. మర్నాడు పాట లేకుండా చూడాలి, పాట మోగుతుంటే బొమ్మలో లేనివి కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

బొమ్మ కుదరకపోతే

ఎక్కువగా వచ్చే చిక్కు ఒక్కటే, నిండిపోవడం. ప్రతి స్వరానికీ ఏదో ఒకటి వేసేస్తాం, ఇక ఊపిరాడదు. దానికి మందు మీ దగ్గరే ఉంది, మిగిలిన నేల రంగు. పట్టీ తీసి పెన్సిల్ లేపిన చోట్లన్నీ చూసుకుని, కాన్వాస్‌లో సరిగ్గా అక్కడ నేల రంగు మళ్లీ పూయండి. అందుకే జాజు రంగును కాస్త ఎక్కువ కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో దాచుకోమంటాను.

రంగులు బురదైపోతే తడి మీద తడి వేశారని అర్థం. తడిగుడ్డతో అక్కడికక్కడ తుడిచేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయండి.

ఇక వేరేవాళ్లకు చూపించేటప్పుడు "ఎట్లుంది?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. పాట వినిపిస్తూ, వేలు పెట్టి బొమ్మ మీద ఆ పాట ఎక్కడ పోతోందో చూపించమనండి. వాళ్ల వేలు మీరనుకున్న దారిలోనే పోయిందా, ఎక్కడైనా ఆగిపోయిందా, గమనించండి. మా మేనకోడలికి తొమ్మిదేళ్లు, రాగం తాళం ఏమీ తెలియదు, వేణువు బొమ్మ మీద తన వేలు మూడుసార్లూ ఒకే చోట ఆగింది. అక్కడ నేను గీతను అనవసరంగా వంచాను.

కాన్వాస్ వెనక రాగం, తాళం, ఎవరు వాయించారో, ఏ రోజు విన్నారో రాసి, కాగితం పట్టీని మడిచి అక్కడే అంటించండి. తర్వాత చాలా పనికొస్తుంది.

చెక్కభజన బొమ్మను బండి వెనక కట్టుకుని మా ఊరికి తీసుకెళ్లి పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వచ్చాడు, కుడి కాలు నేల మీద చిన్నగా ఆడుతోంది. చివర తెల్లటి వరసల దగ్గర ఆగి వేలు పెట్టాడు.

"ఈడ ఐదు పడినాయి సూడు. నాలుగే రావాల. ఐదేస్తే పక్కోని కాలు తొక్కుతావు."

లెక్కపెట్టాను, ఐదే ఉన్నాయి. వెనక్కి తిప్పి పట్టీ చూస్తే అక్కడ నాలుగే ఉన్నాయి. ఇంటికొచ్చి సీసా మూత తీసి, ఆ ఐదో దెబ్బ మీద జాజు రంగు పూశాను. ఆరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.